పండితులు శిష్యులైన పల్లె

శబ్దమునకు లోకవ్యవహారమే మూలమని పతంజలిమహర్షి మతము. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు, శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని యాతఁడు మహాభాష్యమునఁ దెలిపెను. ఈ న్యాయమునకుఁ జక్కని నిదర్శనము ఐర్లండుదేశపుఁ బడమటితీరమునఁ గలదు. అచ్చట వైయాకరణులే శబ్దములఁ గోరి చేఁపలు పట్టువారి గుడిసెలకుఁ బోయిరి. ఆ యాత్రల చరిత్రమును, వాని ఫలమును ఇందు విచారింతము.

కెర్రీ మండలమున డింగిల్ ద్వీపకల్పముయొక్క పడమటికొనయందు డూన్ ఖీన్ అను చిన్నపల్లె యున్నది. ఏటవాలు కొండదరి క్రింద దాని రేవు; ఎదుట సముద్రములో బ్లాస్కెట్ ద్వీపములు. వానిలోఁ బెద్దదానియందు 1953 వఱకు జనులు నివసించిరి. పల్లెకును ద్వీపమునకును నడుమఁ బడవయే దారి. సన్నని కఱ్ఱబద్దల చట్రమునకుఁ గాన్వాసుగుడ్డ బిగించి తారు పూసిన యా పడవకు ‘నేవోగ్’ అని పేరు. గాలి ప్రతికూలమైనచో దినములకొలఁది రాకపోకలు నిలిచిపోవుచుండెను.

ఐరిష్ భాష యీ కొనకుఁ జేరుటకుఁ గారణములు పెక్కులు. 1831లో నేర్పడిన ప్రభుత్వపాఠశాలలలో ఇంగ్లీషే బోధనభాష యయ్యెను. 1845లో మొదలైన మహాక్షామమున సుమారు పదిలక్షలమంది మరణించిరి. ఇంచుమించు అంతేమంది దేశము విడిచిరి. ఐరిష్ మాటలాడు పేదలే యెక్కువగా నష్టపడిరి. భాషోద్ధరణమునకై 1893లో గేలిక్ సమాజము స్థాపింపఁబడునాఁటికి, ఒకప్పుడు రాజసభలయందు వెలసిన భాష పడమటితీరపుఁ గర్షకుల యొద్దను, జాలరుల యొద్దను మిగిలియుండెను.

సంస్కృతజ్ఞుల కీ భాష పరాయిది గాదు. 1853లో జర్మను పండితుఁడు జోయిస్ ప్రాచీన కెల్టిక్ వ్యాకరణమును వెలయించి యీ శాస్త్రమునకుఁ బునాది వేసెను. మన ‘రాజ’ శబ్దమునకు వారి ‘రీ’యు, ‘అశ్వ’ శబ్దమునకుఁ బ్రాచీనరూపమగు ‘ఎఖ్’ అనునదియు, ‘మాతృ’ శబ్దమునకు ‘మాహిర్’ అనునదియు సజాతీయములు. ‘పితృ’ శబ్దమునందలి పకారము వారిభాషలో లోపించి ‘ఆహిర్’ అయినది. ప్రాచీన ఐరిష్ గ్రంథములను బరిష్కరించిన విట్లీ స్టోక్సు 1862లో మద్రాసునకు వచ్చి, 1882 వఱకు ఈ దేశముననే న్యాయశాసనోద్యోగములు నెఱపినవాఁడు.

తెనుఁగు వైయాకరణునకు మఱియొక వింత గలదు. ‘పూచెను’ అను ద్రుతాంతమునకుఁ ‘కలువలు’ పరమగునపుడు ‘పూచెఁ గలువలు’ అని పరుషము సరళమగుట చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన బాలు రెల్లరు నెఱుఁగుదురు. ఐరిష్‌లో ‘కత్’ అనఁగాఁ బిల్లి. ‘ఆర్’ అనఁగా మా. ‘మా పిల్లి’ అనవలసినచో ‘ఆర్ గత్’ అందురు. ‘ఆర్’ శబ్దము పూర్వము నాసిక్యాంతము. ఆ నాసిక్యము కాలక్రమమున లోపించినను, దానిచేఁ గలిగిన సరళత్వము నిలిచెను. ఈ రెండుభాషలకును జ్ఞాతిత్వము లేదు. సామ్యము కేవలము కార్యమునందే. అయినను సూత్ర మెఱుఁగని జాలరి యీ కార్యమును దప్పక పాటించుచుండుటయే పండితుల నచ్చటి కాకర్షించెను.

1907లో నార్వేదేశీయుఁడగు కార్ల్ మార్‌స్ట్రాండర్ మొదట బాలీఫెరిటర్ అను గ్రామమునకుఁ బోయెను. అచ్చట ఇంగ్లీషు కలిసిన మాటయే మెండుగా వినఁబడుటచే, సముద్రము దాఁటి ద్వీపముఁ జేరి కొన్నినెలలు నిలిచెను. ఊరిపెద్దకు ‘రీ’ యని వాడుక, అతఁడే తపాలాబంట్రోతు. అతిథుల కతని యిల్లే బస. తొమాస్ ఓ క్రిహన్ అను జాలరి మార్‌స్ట్రాండరునకు గురువయ్యెను. ఈ తొమాస్ బాల్యమున బడిలో ఇంగ్లీషే చదివినవాఁడు. తన భాషలోని లిపిని నడివయసునఁ గాని నేరువలేదు. శిష్యుఁడు పిదప రాయల్ ఐరిష్ అకాడమీవారి నిఘంటువున 1913లో వెలువడిన తొలిసంచికను గూర్చెను.

1910లో బ్రిటిషు మ్యూజియమునందు వ్రాఁతప్రతుల నరయు రాబిన్ ఫ్లవర్ వచ్చెను. చనిపోవువఱకు ద్వీపమును మఱవలేదు. 1923లో గ్రీకుభాషాపండితుఁడు జార్జి థామ్సన్ వచ్చి, ఆ జనుల సంభాషణము విన్నపిమ్మట హోమరు కావ్యములు తనకు మఱింత సుబోధము లయ్యెననెను. అతఁడు నేర్చిన భాషను గ్రంథములకే విడువక, 1931 మొదలు గాల్వే విశ్వవిద్యాకళాశాలలో గ్రీకును ఐరిష్‌ద్వారమున బోధించెను.

అతిథుల ప్రోత్సాహమున ద్వీపవాసులు గ్రంథకర్త లైరి. తొమాస్ దినచర్య 1928లోను, స్వీయచరిత్రము 1929లోను వెలువడెను. మురిస్ ఓ సూలవాన్ గ్రంథము 1933లోను, డూన్ ఖీన్ ఆఁడుబిడ్డయై ద్వీపమునకుఁ గోడలుగా వచ్చిన పెగ్ సేయర్స్ గ్రంథము 1936లోను వచ్చెను. పెగ్ స్వహస్తమున వ్రాయలేదు. ఆమె చెప్పఁగాఁ గుమారుఁడు వ్రాసికొనెను. రెండువందలు నిండని జనసంఖ్య గల యూరినుండి యిన్ని గ్రంథములు వెలువడుట యరుదు.

అయినను గ్రంథము లూరిని నిలుపలేకపోయెను. యువజనులు అమెరికాకుఁ దరలిపోయిరి, బడి మూఁతపడెను. 1947 ప్రారంభమున నొక యువకుఁడు మెదడుపొర జ్వరమున మరణించెను. తుపానుచే వైద్యుఁడు రాలేకపోయెను. ఆ యేఁటనే ప్రధానమంత్రి డి వలేరా ద్వీపముఁ జూచి పోయెను. తుదకు 1953 నవంబరు 17వ తేదీన మిగిలిన యిరువదిమందికిఁ బైఁబడిన జనులను డూన్ ఖీన్ దరికిఁ దరలించుట యారంభమయ్యెను. దేశమంతటఁ జదువఁబడు భాషకు క్షేత్రమైన యూరికి వైద్యుఁడుగాని, సురక్షితమైన రేవుగాని సమకూడలేదు.

పెగ్ గ్రంథము దశాబ్దములకొలఁది ఐరిష్ పాఠశాలలలోఁ బఠనీయ మయ్యెను. నిప్పుకడఁ గూర్చుండి చెప్పినప్పుడు పెద్దలు చెవియొగ్గి విన్న కథ, పరీక్షకై కంఠస్థము చేయవలసినప్పుడు పెక్కుమంది బాలురకు వెగటయ్యెను. దోషము గ్రంథమునది గాదు. 1970లో ప్రభుత్వము డూన్ ఖీన్ బడినే మూసివేసెను. ఊరివారి పట్టుదలచే నది 1973లో మరలఁ దెఱువఁబడెను. 1993లో నా పల్లెలోఁ బ్రభుత్వమువారు ద్వీపచరిత్రమునకొక భవనమును నెలకొల్పిరి.

ఈ మూఁటిలో భాషకు మిక్కిలి మేలు చేసిన దేది యని యడిగినచో, బడిని దెఱపించిన యూరివారి పట్టుదలయే యని నా నిశ్చయము. భవనమును జూడవచ్చినవాఁడు చూచి పోవును. బడిలోని పిల్లవాఁడు ఇంటికిఁ బోయి తల్లితో మాటలాడును. మార్‌స్ట్రాండరు మొదలగువారు శిష్యులై పోయి తమ ధర్మమును నెఱవేర్చిరి. వారు వ్రాసికొనిన శబ్దములు నిలిచినవి. కాని వ్యాకరణము శబ్దమును గాపాడునే కాని దానిఁ బలుకు నోటికిఁ గూడు పెట్టఁజాలదు. మనదేశమునఁ గొండపల్లెలకు శబ్దసంగ్రహమునకై పోవువారు, పలక చేతఁ బట్టుకొని పోవునప్పుడే, ఆ యూర బడి యున్నదా, వైద్యుఁడు రాఁగల దారి యున్నదా యని మొట్టమొదట విచారింపవలయును.