సేవాగ్రామ్ పద్ధతి: పల్లెలో ఆరోగ్య పరిశోధన శిక్షణ

వైద్య విద్యార్థులు పల్లెలో ఉండి, ఊరివారితో కలిసి ఆరోగ్య సమస్యలను అధ్యయనం చేయడం నేర్చుకునే శిక్షణకు మన దేశంలో పేరుపొందిన కేంద్రం మహారాష్ట్ర వర్ధా జిల్లాలోని సేవాగ్రామ్. అక్కడి మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థను గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో డాక్టర్ సుశీలా నయ్యర్ స్థాపించారు. ఆమె గాంధీజీకి వైద్యురాలు, కేంద్ర ఆరోగ్య మంత్రిగానూ పనిచేశారు.

నేపథ్యం

జబ్బు ముదిరి, దారి ఖర్చులు సమకూరాకే పల్లె రోగి పెద్దాసుపత్రికి చేరతాడు. అసలు రానివారి సంగతి వార్డులో కూర్చున్న విద్యార్థికి తెలిసే వీలు లేదు. గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, సహచరులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ లోటును కళ్లకు కట్టింది. 92 శాతం మందికి స్త్రీ సంబంధ వ్యాధులో లైంగిక వ్యాధులో ఉన్నాయి. అంతకుముందు అలాంటి పరీక్ష చేయించుకున్నవారు మాత్రం నూటికి ఎనిమిది మందే.

వైద్య విద్యను సమాజం వైపు మళ్లించాలని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. 1975 నాటి శ్రీవాస్తవ కమిటీ నివేదిక తర్వాత, 1977లో ఒక్కో వైద్య కళాశాలకు మూడు బ్లాకుల ఆరోగ్య బాధ్యత అప్పగించే పథకం వచ్చింది.

శిక్షణ తీరు

సేవాగ్రామ్‌లో చేరిన విద్యార్థులు మొదట ఆశ్రమంలో పదిహేను రోజుల శిబిరంలో ఉంటారు. తర్వాత ప్రతి బ్యాచ్ ఒక గ్రామాన్ని దత్తత తీసుకుని అక్కడ మరో శిబిరం నడుపుతుంది. ఒక్కొక్కరికి కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. శిబిరం ముగిసినా రాకపోకలు ఆగవు. అదే ఇంటి గర్భిణి కాన్పు, అదే బిడ్డ టీకాలు, అదే తాత బీపీ ఏళ్ల తరబడి చూడాల్సి ఉంటుంది. ఈ పద్ధతిలోని అసలు బలం ఇదే. ఒక్కరోజు సర్వేలో దాచిన మాట మూడోసారో నాలుగోసారో వెళ్లినప్పుడు బయటపడుతుంది. తాగుడు, అప్పు, పోయిన బిడ్డ గురించి కొత్తవారికి ఎవరూ చెప్పరు.

పరిశోధన మెలకువలు ఈ పనిలోనే అబ్బుతాయి. ముందు ఇళ్ల జాబితా రాయాలి. ఊరి చివరి వాడను, పనికి వలస వెళ్లి తాళం వేసిన ఇంటిని వదిలేస్తే లెక్క మొత్తం తప్పుతుంది, ఎందుకంటే జబ్బు ఎక్కువగా ఉండేది అక్కడే. తర్వాత శాంపిల్ ఎంపిక. టీకాల సర్వేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుకలోకి తెచ్చిన పాత పద్ధతిలో 30 క్లస్టర్లలో ఏడుగురు చొప్పున 210 మంది పిల్లలను తీసుకుంటారు. పిల్లల చేతి చుట్టుకొలత టేపుతో తీస్తారు. 115 మిల్లీమీటర్ల లోపు ఉంటే తీవ్ర పోషకాహార లోపం. ఇంట్లో ఎవరైనా చనిపోతే, చివరి రోజుల లక్షణాలను కుటుంబాన్ని అడిగి మరణ కారణాన్ని అంచనా వేయడం మరో విద్య. దుఃఖంలో ఉన్న తల్లిని ఎప్పుడు అడగాలో, ఎక్కడ ఆపాలో ఏ ప్రశ్నపత్రమూ నేర్పదు. అనుభవమున్న ఏఎన్ఎం పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

సమ్మతి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సర్పంచ్ సరేనంటే ఊరంతా సరేనన్నట్టు కాదు. చదువురానివారికి పత్రం చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. వద్దన్నవారికి వైద్యం ఆగకూడదు.

విస్తరణ

భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు రెండు నెలల పరిశోధన ఉపకార వేతనం ఇస్తోంది. కుటుంబ దత్తత ఇప్పుడు జాతీయ వైద్య కమిషన్ పాఠ్యప్రణాళికలో భాగం కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలలకూ వర్తిస్తుంది. ఇక్కడి విద్యార్థికి భాష అడ్డం కాదు, అది పెద్ద వరం. అయినా ఉదయం బస్సులో వచ్చి, ఫారాలు నింపి, సాయంత్రం వెళ్లిపోతే అది శిక్షణ అనిపించుకోదు.

పల్లె పరిశోధన ఫలితం ఎంత దూరం వెళ్లగలదో గడ్చిరోలి మరోసారి చూపింది. గ్రామ ఆరోగ్య కార్యకర్తలతో ఇంటి వద్దే నవజాత శిశువుల సంరక్షణ చేయించి, శిశు మరణాలు తగ్గాయని డాక్టర్ అభయ్ బంగ్ బృందం 1999లో నిరూపించింది. నేడు మన ఊళ్లలో ఆశా కార్యకర్త బాలింత ఇంటికి రావడం ఆ పని పుణ్యమే. విద్యార్థులు సేకరించిన లెక్కలు కూడా కళాశాల బీరువాలో ఉండిపోకూడదు. వాటిని గ్రామసభలో చదివి వినిపించాకే సర్వే పూర్తయినట్టు కళాశాలలు పరిగణించాలి.