వీధి భాగము, ఇంటి భాగము

వీధిలోని పెద్ద గొట్టమునుండి ఇంటి కుళాయికి నీరు తెచ్చు సన్నని గొట్టము నేలలో దాగియుండును. చెడినగాని దానిని తలంపము. అమెరికా పట్టణములలో పూర్వము దానిని సీసముతో చేసెడివారు. సీసము మెత్తనిది, సులభముగా వంగును. దాని విషగుణము తెలియక కాదు. సీసపు పనివారల పాలిపోయిన మేనిచాయను చూపి, నీటికి మట్టి గొట్టములే మేలని రోమను శిల్పశాస్త్రజ్ఞుడు విట్రూవియసు రెండువేల యేండ్ల క్రిందటనే వ్రాసెను. అయినను 1986 వరకు అమెరికా దేశమంతటికి వర్తించు నిషేధము రాలేదు. వచ్చినను పాత గొట్టములు నేలలోనే యుండిపోయినవి.

విస్కాన్సిన్ రాష్ట్రమందలి మాడిసన్ నగరము వానిని త్రవ్వి తీయ సంకల్పించెను. నీటిలో ఫాస్ఫేటు కలిపి గొట్టము లోపల పూత కట్టించు ఉపాయము లేకపోలేదు. కాని అది తుదకు అక్కడి సరస్సులను చెరచును. అసలు చిక్కు వేరు. గొట్టములో వీధి భాగము నగరముది, ఇంటి భాగము గృహస్థునిది. ఒక భాగమునే మార్చినచో, కోతకు కదలిన సీసము కొంతకాలము నీటిలో మునుపటికంటె ఎక్కువగా చేరవచ్చును. పసివారి మెదడునకు కీడు చేయునది అదియే. కావున గృహస్థులును తమ భాగమును మార్చి తీరవలెనని నగరము శాసించెను. వారి వ్యయములో సగము, వేయి డాలర్లకు మించకుండ, తిరిగి యిచ్చెను. 2001లో మొదలైన పని 2011 నాటికి దాదాపు ముగిసెను; సుమారు 8,000 సీసపు గొట్టముల స్థానమున రాగి గొట్టములు వెలసినవి. ఆ పైకమునకు అక్కరకు వచ్చినది, చిత్రముగా, నీటి ట్యాంకులమీది సెల్‌ఫోను ఏరియళ్ల అద్దె.