అరువు ఉపగ్రహం, ఊరి బడి

1975 ఆగస్టు 1 నాటికి హైదరాబాద్ నగరానికి ఇంకా టీవీ రాలేదు. డబ్బున్నవాళ్లు సెట్టు కొనుక్కున్నా అందులో చూడడానికి బొమ్మ లేదు. కానీ ఆ రోజు నుంచి కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాద్ జిల్లాల్లోని సుమారు 400 పల్లెలు టీవీ చూడడం మొదలుపెట్టాయి. కొన్నిచోట్ల సెట్టు బడిలో పెట్టారు, కొన్నిచోట్ల పంచాయతీ ఆఫీసులో. మన దగ్గర ఏ సౌకర్యమైనా పట్నం తనివితీరా వాడుకున్నాకే పల్లె ముఖం చూస్తుంది. ఆ వరస తిరగబడ్డ అరుదైన సందర్భం అది.

దాని పేరు శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. అందరూ పొట్టిగా ‘సైట్’ అనేవారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్... ఈ ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లలో సరిగ్గా ఏడాది నడిచింది. బాగా వెనకబడ్డ జిల్లాలనే ఏరికోరి తీసుకున్నారు.

ఈ ఆలోచన మన అంతరిక్ష పరిశోధనల పితామహుడు విక్రమ్ సారాభాయ్‌ది. నగరానికో ట్రాన్స్‌మిటర్ చొప్పున నిలబెట్టుకుంటూ పోతే మారుమూల పల్లెకు టీవీ చేరేసరికి ఒక తరం గడిచిపోతుందని, ఆకాశంలో ఒక్క ఉపగ్రహం ఉంటే అన్ని ఊళ్లకూ ఒకేసారి అందుతుందని ఆయన వాదించారు. మనకు అప్పటికి సొంత ఉపగ్రహమే లేదు. 1969 సెప్టెంబరులో అణుశక్తి శాఖకూ అమెరికా సంస్థ నాసాకూ ఒప్పందం కుదిరింది. ఉపగ్రహం వాళ్లది, నేలమీది పరికరాలు, కార్యక్రమాలు, వాటి ఖర్చు మనవి. ఆ ప్రసారాలు చూడకుండానే 1971 డిసెంబరులో సారాభాయ్ కన్నుమూశారు. పనిని అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ నెత్తిన వేసుకుంది. దానికి యశ్‌పాల్ డైరెక్టరు, సైట్ వ్యవహారాలు చూసింది ఇ.వి.చిట్నిస్.

అరువిచ్చిన ఉపగ్రహం ఏటీఎస్-6. 1974 మేలో ఎగిరింది. పైకి వెళ్లాక గొడుగులా విచ్చుకునే తొమ్మిది మీటర్ల యాంటెన్నా దాని ప్రత్యేకత. మొదటి ఏడాది అమెరికాలోనే అపలాచియా కొండప్రాంతాల టీచర్లకు, అలాస్కా పల్లెలకు పాఠాలు, వైద్య సలహాలు అందించింది. తర్వాత దాన్ని మెల్లగా జరిపి తూర్పు ఆఫ్రికా మీదికి తెచ్చారు. అక్కడి నుంచి అది మన దేశం వైపు చూసింది.

యాంటెన్నా అంత పెద్దది కాబట్టి, నేలమీద చిన్న డిష్ చాలింది. ఊళ్లలో పెట్టినవి మూడు మీటర్ల డిష్‌లు, అవీ కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేసినవి. ఇందులో పిసినారితనమేమీ లేదు, చక్కటి లెక్క ఉంది. ఉపగ్రహం పంపే తరంగాల పొడవు 35 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వల కన్నాలు అంతకంటే ఎంతో చిన్నవి కాబట్టి ఆ తరంగాలకు వలా ఒకటే, రేకూ ఒకటే. పైగా గాలి దూసుకుపోతుంది, బరువు తక్కువ, ధర తక్కువ. టీవీ సెట్లు తయారుచేసింది మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్. కరెంటు లేని కొన్ని ఊళ్లకు బ్యాటరీ సెట్లు ఇచ్చారు.

ప్రసారం రోజుకు నాలుగు గంటలు. పొద్దున గంటన్నర బడిపిల్లలది. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం... నాలుగు భాషలు పంచుకుంటే ఒక్కో భాషకు దక్కింది ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పాటలు, నాటకాలు. తెలుగు కార్యక్రమాలతో పాటు కన్నడ కార్యక్రమాలనూ హైదరాబాద్‌లోని ఆకాశవాణి నిర్మాణ కేంద్రంలోనే తయారుచేశారు. ఒకే బొమ్మకు రెండు భాషల్లో మాట పంపే వెసులుబాటు ఆ ఉపగ్రహంలో ఉంది. ఢిల్లీ నుంచి అరగంట ఉమ్మడి కార్యక్రమం కూడా వచ్చేది, హిందీలో. అది కర్నూలు పల్లె రైతుకు ఎంత ఎక్కి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ప్రసారాలు మొదలయ్యేనాటికి దేశంలో ఎమర్జెన్సీ పెట్టి అయిదు వారాలే అయింది. టీవీ సర్కారు చేతిలో ఉంది. సాయంత్రం బొమ్మలో చదువెంతో, ప్రభుత్వ భజన ఎంతో వేరుచేసి చూడడం ఆ రోజుల్లో తేలిక కాదు.

ఒక మెచ్చుకోదగ్గ సంగతేమిటంటే, ప్రసారం చేసి చేతులు దులుపుకోలేదు. కొన్ని ఊళ్లలో మానవశాస్త్ర పరిశోధకులు నెలల తరబడి కాపురమే పెట్టారు. ఎవరు వస్తున్నారు, ఎవరు లేచిపోతున్నారు, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు అన్నీ రాసుకున్నారు. తేలినవి కూడా దాచలేదు. మొదట్లో విరగబడి వచ్చిన జనం కొన్నాళ్లకు పలచబడ్డారు. మిగిలినవాళ్లలో పిల్లలే ఎక్కువ. అక్షరం రానివాళ్లు, అంతకుముందు సినిమా, రేడియో, పత్రిక ఏదీ ఎరగని పేదలు కొత్త విషయాలు బాగానే పట్టుకున్నారు. ఆరోగ్యం సంగతుల్లో ఆడవాళ్లకు మేలు కనిపించింది. బడిపిల్లల మాట తీరు, తెలుసుకోవాలన్న ఆరాటం పెరిగాయి. పరీక్ష మార్కులు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. బడి మానేసేవాళ్లూ తగ్గలేదు. తగ్గుతారని అనుకోవడమే అమాయకత్వం. పశువుల వెంట వెళ్లే పిల్లవాడిని టీవీ బడికి లాక్కురాలేదు, వాడి కూలి డబ్బు ఇంటికి కావాలి.

నా దృష్టిలో సైట్ మొత్తంలో గట్టి పని టీచర్ల శిక్షణ. ప్రాథమిక బడుల్లో సైన్సు చెప్పే పంతుళ్లకు రెండు విడతలుగా, ఒక్కో విడత 12 రోజులు తరగతులు పెట్టారు. దాదాపు 50 వేలమంది నేర్చుకున్నారు. వాళ్లు ఉత్త టీవీ చూడలేదు. చూశాక పుస్తకం చదివారు, చేత్తో ప్రయోగాలు చేశారు, రేడియో విన్నారు, పక్కనున్న అనుభవజ్ఞుడిని సందేహాలు అడిగారు. టీవీ అందులో ఒక భాగం మాత్రమే. కనుకనే అది పారింది. పిల్లల పాఠాలప్పుడు కూడా ఆ ఇరవై రెండు నిమిషాల తర్వాత పంతులు బోర్డు దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడితేనే ఫలితం. తలుపు తాళం తీసి సెట్టు పెట్టి వెళ్లిపోతే అది ఉచిత సినిమా.

1976 జులై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని నాసా వెనక్కి జరుపుకొంది. వేల ఊళ్లలో తెర ఆరిపోయింది. కొంతలో కొంత నయమని, సైట్ పల్లెల్లో కొన్నింటికైనా బొమ్మ అందేలా జైపూర్, రాయపూర్, గుల్బర్గా, ముజఫర్‌పూర్, సంబల్‌పూర్, హైదరాబాద్‌లలో నేలమీద ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. 1977 అక్టోబరులో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం అలా వచ్చిందే. సినిమా పాటల కార్యక్రమం ‘చిత్రలహరి’ కోసం శుక్రవారం సాయంత్రాలు ఎదురుచూసిన తరానికి ఆ కేంద్రం పల్లె పాఠాల కొనసాగింపుగా పుట్టిందని ఎవరూ చెప్పలేదు.

సొంత ఉపగ్రహం ఇన్సాట్-1బి 1983లో అందింది. అప్పటికి రంగుల టీవీ వచ్చింది, ఏషియాడ్ అయిపోయింది, ప్రకటనల డబ్బు రుచి తెలిసింది. చదువుకు మిగిలింది మధ్యాహ్నపు ఎండవేళ. 1984 ఆగస్టు 15 నుంచి యూజీసీ నడిపిన ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ఆ వేళలోనే వచ్చేది. దానికి కార్యక్రమాలు తీసిన కేంద్రాల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోనే ఉన్న ఇంగ్లిషు, విదేశీ భాషల సంస్థ సీఫెల్ ఉన్నాయి. సరుకు మంచిదే, కానీ ఇంగ్లిషు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివే కుర్రాడికి అది పరాయి వీధి.

ఇదే కాలంలో మన దగ్గర ఇంకో దారి పడింది. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇవాళ్టి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తొలి వైస్ చాన్స్‌లర్ జి.రామ్‌రెడ్డి. తర్వాత ఢిల్లీలో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో పెట్టినప్పుడు దానికీ తొలి వైస్ చాన్స్‌లర్‌గా ఆయన్నే పిలిచారు. ఇంటర్ లేనివాళ్లకు అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నారు. తెలుగులో పాఠ్యపుస్తకం ఇంటికి పంపి, దగ్గర్లోని స్టడీ సెంటర్‌లో తరగతులు చెప్పించారు. గుమాస్తాలు, కండక్టర్లు, పెళ్లయి చదువాగిన ఆడపిల్లలు డిగ్రీ పట్టా అందుకున్నది ఆ పుస్తకంతో, ఎదురుగా కూర్చున్న లెక్చరర్‌తో. రేడియో, టీవీ వాటికి తోడు మాత్రమే.

కరోనా రోజుల్లో పాత అవసరం మళ్లీ తలుపు తట్టింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానెల్ ఆ పని చేసింది. ఈసారి చాలా ఇళ్లలో టీవీ ఉంది. లేనిది పక్కన కూర్చునే పంతులు. టీచర్లు ఫోన్లు చేశారు, వీలైనచోట ఇళ్లకు వెళ్లారు. ఆ పని జరిగిన ఊళ్లకూ జరగని ఊళ్లకూ తేడా ఏమిటో 1975లోలా ఎవరైనా ఊళ్లో మకాంవేసి రాసి ఉంటే బాగుండేది.

1975లో అయిదు నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లల కోసం తీసిన ఆ పాఠాలు చూసినవాళ్లు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉంటారు. కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ వైపు మీ ఊళ్లో అలాంటివాళ్లుంటే ఒక పూట కూర్చోబెట్టి అడగండి. ఏ కార్యక్రమం గుర్తుంది, సెట్టు ఎవరు చూసుకునేవారు, ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారా, చివరి రోజు తర్వాత ఆ డిష్ ఏమైంది... అన్నీ అడిగి రాసిపెట్టండి. అహ్మదాబాద్ నివేదికల్లో లెక్కలున్నాయి, మన ఊళ్ల మాట ఇంకా నమోదు కావాల్సే ఉంది.