బందరు రోడ్డు నీడ

బాటకు రెండు పక్కలా అశోకుడు చెట్లు నాటించాడని బళ్ళో అందరం చదువుకున్నాం. ఆ మొక్కలకు ఎండల్లో నీళ్ళు పోసిందెవరో, మేకలు మెయ్యకుండా కాసిందెవరో ఆ పాఠంలో ఉండదు. బందరు రోడ్డు వరకైతే ఆ సంగతి నాకు తెలుసు. మా నాన్న ఈ రోడ్డు మీద గ్యాంగు మేస్త్రీ. మద్రాసు రాష్ట్రం రోజుల్లో పనిలో చేరి, ఆంధ్రప్రదేశ్ వచ్చాక రోడ్లు భవనాల శాఖలో రిటైరయ్యాడు. కంకిపాడుకి అటూ ఇటూ ఆయన వంతు. గోతులు పూడ్చడం, అంచులు చెక్కడం ఎంత పనో, చెట్లను సాకడమూ అంతే పని.

ఈ దారి చాలా పాతది. 1611లో ఇంగ్లీషు వాళ్ళు బందరులో గిడ్డంగి పెట్టారు, డచ్చి వాళ్ళు అంతకుముందే వచ్చారు. గోల్కొండకూ బందరు రేవుకూ మధ్య సరుకు ఎద్దుల మీద నడిచేది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక బరువులన్నీ కాలవల్లో పడవలెక్కాయి. రోడ్డు మీద మిగిలింది నడిచేవాళ్ళూ, ఎడ్లబళ్ళూ. నడిచే మనిషికీ, లాగే ఎద్దుకూ మొదట కావలసింది నీడ. 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చినప్పుడు రోడ్లు వెయ్యడంతో పాటు చెట్లు నాటి కాపాడడం కూడా బోర్డుల పనుల్లో చేరింది. అంటే నీడ కూడా రోడ్డులో భాగమేనని అప్పటివాళ్ళ లెక్క. నాకు ఆ లెక్కే సరైనదనిపిస్తుంది.

గొయ్యి తీసి మొక్క పెట్టి, చుట్టూ తుమ్మకంప కట్టేవాళ్ళు. అసలు కష్టం ఆ తర్వాత. డెల్టాలో కాలవలు ఎండాకాలమే కట్టేస్తారు. మొక్కకు దాహం వేసే నెలల్లోనే కాలవలో నీళ్ళుండవు. గ్యాంగు కూలీలు ఊరి చెరువు నుంచో బావి నుంచో కావిడి మీద మోసుకొచ్చి పోసేవాళ్ళు. మూడు ఎండలు దాటితే ఇక మొక్క తన బతుకు తాను బతుకుతుంది. మాను కట్టాక దానికి సున్నం, కావి పట్టీలు వేసి, తెల్లటి మచ్చలో నంబరు రాసేవాళ్ళు. పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా జాతి, చుట్టుకొలత ఉండేవి. గాలికి చెట్టు పడితే కలప వేలం వేసేవాళ్ళు. చింతకాయలకైతే ఏటేటా పాట జరిగేది. పాట దక్కినవాడు కోసుకుంటాడు. రాలినవి పిల్లలం ఏరుకుంటుంటే నాన్న చూసీ చూడనట్టు వెళ్ళిపోయేవాడు.

చింత, వేప, మర్రి, రావి, కానుగ, దిరిసెన, ఇవన్నీ ఉండేవి. నిద్రగన్నేరు కూడా ఉండేది, అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. పదేళ్ళలో రోడ్డంతా కప్పేస్తుంది. కానీ కొమ్మ పెళుసు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన నాటి గాలికి బందరు వైపు రోడ్డుకు అడ్డంగా ఎన్ని చెట్లు పడ్డాయో చూశాను. వాటిని రంపాలతో కోసి దారి చేస్తేగాని లారీ కదల్లేదు. చింత మాత్రం ఆకు రాల్చుకుని నిలబడింది. “నిద్రగన్నేరు నీ కోసం పెడతాం రా, చింత నీ మనవడి కోసం” అనేవాడు నాన్న.

బెజవాడలో ఈ రోడ్డు మీదున్న బెంజ్ సర్కిల్ పేరు అక్కడ ఒకప్పుడున్న బెంజ్ కంపెనీ వల్ల వచ్చిందని పాతకాపులు చెబుతారు. 1954 నుంచి 1969 దాకా టాటా వాళ్ళు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేశారు, బానెట్ మీద మూడు కోణాల నక్షత్రంతో. 1966లో ఆటోనగర్ వచ్చింది. బెజవాడ లారీల ఊరైంది, చాలా ఇళ్ళకు ఆ లారీలే అన్నం పెట్టాయి. మద్రాసు - కలకత్తా రోడ్డు, హైదరాబాదు - బందరు రోడ్డు కలిసేది ఆ సర్కిల్ దగ్గరే. లారీకి నీడ అక్కర్లేదు, వెడల్పు కావాలి. ముందు మట్టి అంచు మీద తారు పడింది. చెట్టు కదల్లేదు గానీ రోడ్డే దాని దగ్గరికి వచ్చింది. ఆ పైన చెట్టును ప్రమాదం కింద రాశారు. తర్వాత నరికారు. బందరు దాకా నాలుగు వరసల రోడ్డయింది, 2020లో సర్కిల్ మీద ఫ్లైఓవర్ తెరిచారు. ఉయ్యూరు పోయే దారిలో మా నాన్న నంబరు వేసిన మాను ఒక్కటి కూడా నాకు కనబడలేదు.

ఆ బెంజ్ దేశంలోనే, బెర్లిన్‌లో, ఉంటర్ డెన్ లిండెన్, అంటే లిండెన్ చెట్ల కింద, అనే వీధి ఉంది. 1647లో ఫ్రెడ్రిక్ విల్హెల్మ్ అనే పాలకుడు తన కోట నుంచి వేట అడవి దాకా లిండెన్ చెట్లు వరసలుగా పెట్టించాడు. 1930లలో భూగర్భ రైలు కోసం వాటిని కొట్టేశారు. మళ్ళీ పెట్టినవి బుల్లి మొక్కలు, వాటి మధ్య పొడుగాటి దీపస్తంభాలు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు, దీపాల కింద వీధి అని పేరు మార్చి పిలిచారు. యుద్ధంలో ఆ వీధి శిథిలమైతే 1950లలో మళ్ళీ లిండెన్‌లే నాటారు. రైలు ఇప్పటికీ కింద నడుస్తూనే ఉంది. చివరికి రైలా చెట్టా అని ఎవరూ తేల్చుకోవలసిన పని పడలేదు.

మనకు రోడ్డు మధ్యలో గన్నేరు, కాగితంపూలు పెట్టారు. ఎదుటి బండి లైటు కళ్ళల్లో కొట్టకుండా అవి ఆపుతాయి, అందుకు మంచివే. బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడే ముసలమ్మ మీద మాత్రం వాటి నీడ పడదు. కంకిపాడు దాటాక మురుగు కాలవకూ పొలం గట్టుకూ మధ్య ఒక్కో చోట జాగా ఇంకా ఉంది. వైర్లు లేని పక్క చూసుకుని నలభై అడుగులకొక చింత పెట్టవచ్చు. మూడు ఎండలు నీళ్ళు మోసే మనిషి జీతం కూడా మొక్క ధర పక్కనే, అదే అంచనాలో రాయాలని అధికారులను అడుగుతున్నాను.