ఫలితమును కొలుచు విద్య

ఒక ఊరిలో బావి త్రవ్వించితిమనియు, ఒక బస్తీలో కుట్టుపని కేంద్రము తెరచితిమనియు లెక్క వ్రాయుట సులభము. ఆ బావినీరు ఏ వాడవారికి అందుచున్నది, కుట్టుపని నేర్చినవారిలో ఎందరి ఇండ్లలో రెండు పూటల పొయ్యి రాజుచున్నది అని తేల్చుట కష్టము. మొదటిది పని, రెండవది ఫలితము. పేదరిక నిర్మూలనకై పాటుపడు సంస్థల ఉద్యోగులకు ఈ భేదమును నేర్పుట యెట్లు? వారు నేర్చిరని నిర్ణయించుట యెట్లు? ఈ ప్రశ్నలకు మన దేశమున డెబ్బది యేండ్లకు మించిన చరిత్ర కలదు. అందులో హైదరాబాదునకు గల స్థానమును శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1952 అక్టోబరు 2వ తేదీన 55 కేంద్రములలో సమాజాభివృద్ధి పథకము ఆరంభమయ్యెను. ఆ నెలలోనే ప్రణాళికా సంఘము క్రింద, పథకముల ఫలితములను పరిశీలించుటకు ప్రత్యేకముగ ఒక మూల్యాంకన సంస్థను నెలకొల్పిరి. పని చేయు చేయి వేరుగను, చూచు కన్ను వేరుగను ఉండవలెనన్న ఆలోచన అంత పాతది. కాని ఊరూర తిరుగవలసిన గ్రామసేవకుని సంగతి వేరు. వ్యవసాయము, పశువైద్యము, పారిశుద్ధ్యము, సహకారము, వయోజనవిద్య - అన్నింటిని కొంచెము కొంచెముగ నేర్పి అతనిని పల్లెలకు పంపిరి. ఎన్ని ఎరువుల గోతులు త్రవ్వించెను, ఎన్ని సభలు జరిపెను అన్నదే అతని పనికి కొలబద్ద అయ్యెను. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఈ పథకములను పరిశీలించి, ప్రజలు వానిని తమవిగ భావించుట లేదని తేల్చెను. పంచాయతీరాజ్యమునకు అదియే నాంది.

ఈ విషయమున ఆకాశవాణి చేసిన ప్రయత్నమొకటి స్మరింపదగినది. 1956లో నాటి బొంబాయి రాష్ట్రమున సుమారు 150 గ్రామములలో, యునెస్కో సహాయముతో, రేడియో గ్రామ గోష్ఠులను నడిపిరి. గ్రామస్థులు కూడి ప్రసంగము వినుట, వినినదానిని చర్చించుట, చర్చించినదానిలో కొంతయైన ఆచరించుట వాని పద్ధతి. గోష్ఠులు నడచిన ఊళ్లను, నడువని ఊళ్లతో సరిపోల్చి చూచు బాధ్యత టాటా సామాజిక శాస్త్ర సంస్థకు అప్పగించిరి. గోష్ఠులున్న ఊళ్లలోని వారి తెలివిడి స్పష్టముగ హెచ్చెను. ఎన్ని ప్రసారములు చేసితిమన్న లెక్కతో తృప్తిపడక, వినినవారికేమి మిగిలినదని అడుగుట ఈ ప్రయత్నములోని విశేషము.

సమాజాభివృద్ధి అధికారులకు శిక్షణ నిచ్చుటకు 1958లో ముస్సోరీలో వెలసిన జాతీయ సంస్థ 1965లో హైదరాబాదు చెంత రాజేంద్రనగరమునకు తరలివచ్చెను. 1977లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థయనియు, 2013లో పంచాయతీరాజ్ అను మాటను కూడ చేర్చుకొనియు పేరు మారెను. 2008 నుండి గ్రామీణాభివృద్ధి నిర్వహణలో పట్టోత్తర డిప్లొమా నిచ్చుచున్నది. పేదల సేవకు సద్బుద్ధి యొక్కటే చాలదు, దానికొక విద్య కావలెనన్న సంగతి ఇట్లు పట్టా రూపమున స్థిరపడెను.

నగరమునకు పడమటి దిక్కున బోరబండ బస్తీలు, వానిని ఆనుకొని యూసుఫ్‌గూడ ఉన్నవి. నేడు ఆ ప్రక్కనే హైటెక్ సిటీ అద్దాల మేడలు లేచినవి. చిన్న పరిశ్రమలవారికి తోడ్పడు అధికారులకు శిక్షణ నిచ్చుటకు ఢిల్లీలో పుట్టిన సంస్థ 1962లో హైదరాబాదునకు వచ్చి, ఈ యూసుఫ్‌గూడలో స్థిరపడినది. ఆ సంస్థతో కలసి హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలండ్ 1964లో ఒక పరీక్షకు పూనుకొనెను. కాకినాడ వర్తకులను పిలిపించి, పదిదినముల పాటు శిక్షణ నిచ్చిరి. వ్యాపార రహస్యములు బోధించుట కాదు ఆ శిక్షణ. తన శక్తిని తాను అంచనా కట్టుకొని లక్ష్యము పెట్టుకొనుట. ఇందుకొక ఆట యుండెను. కొంత దూరములో ఒక మేకు నిలిపి, దానికి వలయములు విసరవలెను. ఎంత దూరమున నిలువవలెనో ఆడువాని ఇష్టము. మరీ దగ్గర నిలిచిన గెలుపునకు విలువ లేదు. మరీ దూరమున నిలిచిన గెలుపు అదృష్టాధీనము. శ్రమించిన అందునంత దూరమును ఎన్నుకొనుటయే నేర్పు.

అంతకన్న ముఖ్యమైనది తరువాతి కథ. శిక్షణ ముగియగనే చప్పట్లు కొట్టి పంపివేయలేదు. సుమారు రెండేండ్ల పిమ్మట మరల విచారించిరి. రాజమహేంద్రవరము మొదలగు చోట్ల శిక్షణ పొందని వర్తకులతో సరిపోల్చిరి. శిక్షణ పొందినవారిలో ఇంచుమించు సగము మంది క్రొత్త పెట్టుబడి, క్రొత్త వ్యాపారము వంటి విశేష ప్రయత్నములు చేసియుండిరి. పొందనివారిలో అట్టివారు పావు వంతు మాత్రమే. వర్తకుడు పేదవాడు కాడు, నిజమే. అయినను శిక్షణ ఫలితమును శిక్షితుని జీవితములోనే వెదకవలెనన్న పాఠము బస్తీలకును చెల్లును.

ఆ బస్తీల పని 1967లో నగర సమాజాభివృద్ధి పథకముగ హైదరాబాదులో మొదలయ్యెను. కార్యకర్తలు బస్తీవారితో కూర్చుండి, వారికేది ముందు కావలెనో విని, సంఘములు కట్టించి, శిశువిహారములును కుట్టు కేంద్రములును నడిపించిరి. మరికొంత కాలమునకు ఇండ్ల స్థలములకు పట్టాలు, బ్యాంకు అప్పులు సమకూర్చి, ఎవరి ఇల్లు వారే కట్టుకొనునట్లు తోడ్పడిరి.

2000లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థను స్థాపించి, వెలుగు పథకమును మొదట ఆరు జిల్లాలలో నడిపెను. ఆ ప్రయత్నములో పొదుపు సంఘముల ద్వారా తమ బ్రతుకులు బాగుచేసికొనిన స్త్రీలే ఇతర గ్రామములకు వెళ్లి, అక్కడనే కొన్ని దినములు బసచేసి, తోటి స్త్రీలకు సంఘము నడుపు విధము నేర్పిరి. బీహారు వంటి పరరాష్ట్రములకును మన ఆడుపడుచులు వెళ్లిరి. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధి పథకము ఈ పద్ధతిని దేశమంతటికి గ్రహించెను. వీరి యోగ్యతాపత్రము గోడకు తగిలించినది కాదు. బాగుపడిన వారి కాపురమే వీరి యోగ్యత.

తప్పుడు కొలత ఎంత కీడు చేయునో 2010లో మన రాష్ట్రమే చూచినది. సూక్ష్మఋణ వ్యాపారమున వాయిదాలు నూటికి నూరు వంతులకు దగ్గరగా వసూలగుచున్నవని లెక్కలు చెప్పెను. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయుచున్న స్త్రీల దుఃఖము ఆ లెక్కలో పడలేదు. వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వెలువడిన పిమ్మట ఆ యేటి అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు జారీ చేయవలసి వచ్చెను. వసూలు అప్పిచ్చిన వాని ఫలితము. పుచ్చుకొనిన యామె ఫలితము వేరు. ఎవరి ఫలితమును కొలుచుచున్నామో తెలియని మేనేజరుకు ఎన్ని పట్టాలున్నను అతని చేతిలోని అంకె అబద్ధమాడును.

కనుక పేదల సంస్థలలో పనిచేయువారికి పరీక్ష పెట్టదలచినచో, ప్రశ్నపత్రముతోబాటు మరియొక పరీక్ష కూడ ఉండవలెనని మా అభిప్రాయము. పనిచేసిన బస్తీకి రెండేండ్ల తరువాత వెళ్లి, అక్కడి ఇల్లాండ్రను అడిగి, వారు చెప్పిన సమాధానమును ఉన్నదున్నట్లు వ్రాసికొని రావలెను. ఆ కాగితము మీద సంతకము చేయవలసినవారు బస్తీవారే.