యాభై రూపాయల టీకా

మొన్న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ దగ్గర చాయ్ తాగుతుంటే మా భతీజా అన్నాడు: "చాచా, హైదరాబాద్ పేరు దునియాకు తెలిసింది ఈ బిల్డింగుతోనే కదా!" దాన్ని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరులో. అంతకు ఏడాది ముందే, 1997 ఆగస్టులో, ఇదే షహర్ నుంచి ఒక టీకా బయటికొచ్చింది. ఆ తారీఖ్ మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

అది హెపటైటిస్-బి టీకా, పేరు శాన్‌వాక్-బి. మా మొహల్లాలో పీలియా అంటే దమ్ చేయించేవాళ్లు, పసరు పోయించేవాళ్లు. రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు సోకే ఈ జబ్బు ఏళ్ల తరబడి ఖామోష్‌గా ఉండి జిగర్‌ను తినేస్తుందని మాకేం తెలుసు? తెలిసినా, విదేశీ టీకా ఒక్క డోసు ఏడెనిమిది వందలు. మూడు డోసులు వేయించాలి. ఇంట్లో నలుగురు పిల్లలుంటే హిసాబ్ మీరే వేసుకోండి.

వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1992లో జెనీవా సదస్సులో ఈ జబ్బు సంగతి విన్నారు. టెక్నాలజీ అడిగితే విదేశాల నుంచి అవమానమే ఎదురైంది. జిద్దుతో 1993లో అమ్మ పేరిట శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీలో పని సాగింది. బ్యాంకులు నమ్మలేదు. నమ్మి పెట్టుబడి పెట్టింది ఒమాన్ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. గల్ఫ్ అంటే మనకు వీసాలు, డ్రాఫ్టులే గుర్తొస్తాయి గానీ, ఆ పైసా ఇలా కూడా వచ్చింది! కేంద్రం 1996లో ఏర్పాటు చేసిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు కూడా ఖర్జా ఇచ్చింది. టీకా ధర దాదాపు 50 రూపాయలకు దిగింది.

నా షికాయత్ ఇక్కడే. హుకూమత్ తయారీకి ఖర్జా ఇచ్చింది, కొంటానన్న వాదా మాత్రం ఇవ్వలేదు. గరీబుల టీకాకు అసలు మదద్ ఆ వాదాయే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చాక యూనిసెఫ్ కొని పేద దేశాలకు పంపింది. మన సర్కారీ టీకాల్లోనేమో 2002లో కొన్ని నగరాలు, జిల్లాలు, 2007-08లో పది రాష్ట్రాలు, దేశమంతటికీ 2011లో. పద్నాలుగేళ్లు! సబక్ నేర్చుకున్నారనే అనాలి: జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ రొటావాక్ 2015లో విడుదలైతే, మరుసటి ఏడాదే సర్కారు టీకాల్లో చేరింది.

భతీజా 1999లో పుట్టాడు. "మరి నాకు వేయించారా చాచా?" అన్నాడు. భాభీకి ఫోన్ చేశాం. సర్కారీ దవాఖానా కార్డు ఇంకా దాచే ఉంచింది. బీసీజీ ఉంది, పోలియో ఉంది, తట్టు ఉంది. అది లేదు.

జుమా తర్వాత రక్తపరీక్షకు వెళ్దామన్నాడు.