దొరల ఇళ్లలో ‘బడా దిన్’

కంపెనీ పాలన కాలం నుంచి 1947 వరకు ఉద్యోగరీత్యా భారతదేశంలో కాపురమున్న ఆంగ్ల కుటుంబాలు క్రిస్మస్‌ను స్వదేశపు పండుగగానే తలచుకున్నా, దానికి ఇక్కడ రూపం ఇచ్చినవారు చాలావరకు వారి ఇళ్లలో పనిచేసిన బట్లర్లు, తోటమాలులు, బంట్రోతులే. ఉత్తరాదివారు డిసెంబరు 25ను ‘బడా దిన్’, అంటే పెద్ద రోజు, అని పిలిచేవారు. ఆంగ్లేయుల నోట పడిన దేశీయ పదాలకు 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ కోశం ఈ మాటనూ చేర్చుకుంది. పెద్ద పండుగ అంటే సంక్రాంతి అనుకునే తెలుగు చెవికి ఆ పేరు కొంత వింతగానే వినిపిస్తుంది.

1822లో కలకత్తా చేరిన ఫానీ పార్క్స్, 1850లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో, ఆ రోజున నౌకర్లు దొరల ఇళ్ల ద్వారాలకు అరటి చెట్లు నిలిపి పూలదండలు కట్టడాన్నీ, పండ్లూ మిఠాయిలూ పళ్లేల్లో తెచ్చి బక్షీసు ఆశించడాన్నీ వర్ణించింది. ఇంగ్లండులో పండుగకు ఇంట అలంకరించే ముళ్ల ఆకుల హాలీ కొమ్మ ఇక్కడి మైదానాల్లో దొరకదు. దాని స్థానంలో అరటి బోదె రావడాన్ని గతిలేక చేసిన సర్దుబాటుగా చూడటం పొరపాటు, ఎందుకంటే శుభకార్యం జరిగే గుమ్మం ఎలా ఉండాలో ఆ నౌకర్లకు తమ పెళ్లిపందిళ్ల నుంచే తెలుసు, దొర పండుగనూ వారు ఆ వరుసలోనే చేర్చారు.

పండ్లు, పూలు, కూరగాయలు, మిఠాయిలు అమర్చి తెచ్చే ఆ పళ్లేన్ని ‘డాలీ’ అనేవారు. పైవారిని దర్శించేవారు వట్టి చేతులతో వెళ్లకూడదన్న పాత దర్బారు మర్యాదకు ఇది కొనసాగింపు. అయితే కంపెనీ ఉద్యోగుల లంచగొండితనం లండనులో పెద్ద రచ్చ అయిన తరువాత వచ్చిన 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టం దేశీయుల నుంచి కానుకలు స్వీకరించడాన్ని నిషేధించింది. కాలక్రమంలో విలువైన వస్తువులను తిప్పి పంపి, పూలనూ పండ్లనూ మాత్రం ఉంచుకోవడం అధికారుల ఇళ్లలో ఆనవాయితీ అయింది. పండ్ల పళ్లెం మర్యాదా, మామూలా అన్న ప్రశ్నకు ఏ చట్టమూ పూర్తిగా సమాధానం చెప్పలేదు.

తెలుగునాట ఇలాంటి కుటుంబ జీవితానికి మంచి సాక్ష్యం జూలియా మెయిట్లండ్ లేఖలు. ఆమె మొదటి భర్త జేమ్స్ థామస్ రాజమండ్రిలో జిల్లా న్యాయాధికారి. వారు అక్కడ ఒక పాఠశాల కూడా నడిపారు. 1836 నుంచి 1839 వరకు ఆమె రాసిన లేఖలు 1843లో, రచయిత్రి పేరు లేకుండా, ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’గా వెలువడ్డాయి. డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కరోల్’ వెలువడిందీ, లండనులో తొలి క్రిస్మస్ కార్డు అచ్చయిందీ అదే ఏడాది. రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలిచిన చిత్రాన్ని ఒక లండను వారపత్రిక ముద్రించినది 1848లో. అంటే ప్రవాసులు అనాదిగా వస్తున్నదని బెంగపెట్టుకున్న ఇంటి పండుగలో చాలా భాగం వారు ఓడ ఎక్కిన తరువాత తయారైనదే, టపా వెంట వారిని వెతుక్కుంటూ వచ్చినదే. ఆఫ్రికా కొనను చుట్టివచ్చే ఓడలకు నాలుగైదు నెలలు పట్టేది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఉత్తరం దాదాపు మూడు వారాల్లో బొంబాయి చేరసాగింది. దొరసానులూ, డబ్బాల్లో మూసిన ఆహారపదార్థాలూ విరివిగా వచ్చినదీ అప్పుడే. ఆ డబ్బాల వ్యామోహాన్ని 1878లో మద్రాసులో తన పాకశాస్త్ర గ్రంథం ప్రచురించిన కర్నల్ కెన్నీ-హెర్బర్ట్ గట్టిగానే విమర్శించాడు.

అన్నీ అమర్చినా ఆ ఇళ్లలో తీరని లోటు పిల్లలు. క్రిస్మస్ పిల్లల పండుగగా మారుతున్న ఆ దశాబ్దాల్లోనే, ఎండకూ జబ్బులకూ భయపడి, చదువుల కోసమూ, ఏడేళ్లు నిండీ నిండకముందే వారిని ఇంగ్లండు పంపడం ఆనవాయితీ అయింది. 1865 డిసెంబరు 30న బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్‌ను, చెల్లెలితో పాటు, 1871లో ఇంగ్లండులోని సౌత్‌సీలో పరాయివారింట వదిలారు. తిరిగివచ్చి లాహోరులో పత్రికలో పనిచేస్తూ అతడు 1886లో ప్రచురించిన ‘క్రిస్మస్ ఇన్ ఇండియా’ కవిత, ఇంగ్లండుకు దూరమైన ఉద్యోగుల దిగులుకు ప్రసిద్ధ ఉదాహరణగా నిలిచింది. అతడి ఆత్మకథ 1937లో, మరణానంతరం, వెలువడింది. ఆయా దగ్గర పెరిగిన తాను చిన్నతనంలో ఆలోచించినది హిందుస్తానీలోననీ, అమ్మానాన్నల ఎదుటికి వెళ్లేటప్పుడు ఇంగ్లీషులో మాట్లాడమని నౌకర్లు గుర్తుచేసి పంపేవారనీ అతడు అందులో రాసుకున్నాడు.